షట్టర్ మోటారుకు షెల్లీ రిలే, తలుపు సెన్సర్: అనంతపురం ఇళ్లకు సరిపోతుందా?

కారు షెడ్డు షట్టరుకు మోటారు పెట్టించుకున్నవాళ్లు కొన్నాళ్లకు అడిగే ప్రశ్న ఒకటే: దీన్ని ఫోనులోకి తెచ్చుకోవచ్చా అని. తెచ్చుకోవచ్చు. షెల్లీ ప్లస్ 1 అనే అగ్గిపెట్టెకన్నా చిన్న వైఫై రిలే (ఫోను చెబితే వైర్లను కలిపే స్విచ్), ఒక అయస్కాంతపు తలుపు సెన్సర్, 12 వోల్టుల అడాప్టర్ ఉంటే పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు సగం పూట చాలు. ఫోనులో బటన్ నొక్కితే షట్టర్ లేవడం ఇందులో తేలికైన భాగం. మీరు గుంతకల్లులో ఉన్నా బెంగళూరులో ఉన్నా, ఇంటి దగ్గర షట్టర్ నేలదాకా దిగిందా లేదా అన్నది నమ్మకంగా తెలియడమే కష్టం. ఈ సెట్టును తూచాల్సింది ఆ పనితోనే. రిలేకు మంచి మార్కులే పడతాయి. సెన్సర్ విషయంలో ఏది కొన్నారు, ఎక్కడ బిగించారు అన్నదాన్ని బట్టి పాసో ఫెయిలో తేలుతుంది.

ముందు మీ ఇంట్లో ఉన్న మోటారు ఏ రకమో చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో దొరికే వీడియోలు ఎక్కువగా అమెరికా గ్యారేజీ తలుపుల గురించి చేసినవి. అక్కడి మోటారుకు ఒకే బటన్, దానికి రెండు వైర్లు, ఆ రెండూ ఒకసారి తాకిస్తే తలుపు కదులుతుంది. మన దగ్గర కమలానగర్‌లోనైనా రామ్‌నగర్‌లోనైనా కనిపించేవి వేరు. రోలింగ్ షట్టరుకు పక్కన చెయిన్‌తో తిప్పే సైడ్ మోటారు ఒకటి. పైపులోపలే ఇమిడిపోయే ట్యూబులర్ మోటారు రెండోది. కాంపౌండు గోడకు స్లైడింగ్ గేటు ఉంటే, పళ్ల పట్టీ మీద నడిచే గేటు మోటారు మూడోది. సైడ్ మోటారు కంట్రోల్ బాక్సులో సాధారణంగా పైకి, ఆగు, కిందికి, కామన్ అని నాలుగు పాయింట్లు ఉంటాయి. గేటు మోటారు బోర్డులో వీటితోపాటు ఒకే బటన్‌తో తెరువు, ఆగు, మూయి అని వరసగా నడిచే స్టెప్ పాయింటు కూడా చాలావాటిలో ఉంటుంది. ట్యూబులర్ మోటారులో ఈ బోర్డే ఉండకపోవచ్చు. పైకి ఒక ఫేజు, కిందికి ఒక ఫేజు, న్యూట్రల్, ఎర్తు, అంతే.

షెల్లీ ప్లస్ 1 సైడ్ మోటారు, గేటు మోటారు బోర్డులకు సరిగ్గా కుదురుతుంది, కారణం దాని కాంటాక్ట్ డ్రై కాంటాక్ట్ కావడమే. అంటే ‘ఐ’, ‘ఓ’ అని రాసి ఉన్న రెండు పాయింట్లలో దాని సొంత కరెంటు ఏదీ ఉండదు. గోడ మీది బటన్ ఎలా రెండు వైర్లను కలుపుతుందో ఇదీ అలాగే కలుపుతుంది. లైట్లకోసం అమ్మే మామూలు వైఫై స్విచ్‌లు అలా కావు, ఆన్ అయితే 230 వోల్టులు బయటికి పంపుతాయి. 12 వోల్టులో 24 వోల్టులో నడిచే గేటు బోర్డు పాయింట్లకు దాన్ని తగిలిస్తే బోర్డు ఆ క్షణంలోనే పోతుంది. ‘రెండూ వైఫై రిలేలే కదా’ అని చవకది తెచ్చి ఇలా బోర్డు కాల్చుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. షెల్లీలోనే ప్లస్ 2పీఎం అని ఇంకో మోడల్ ఉంది. అది డ్రై కాంటాక్ట్ కాదు, కాబట్టి ఈ బోర్డులకు పనికిరాదు. కానీ ట్యూబులర్ మోటారుకు అదే సరైనది. చానల్‌కు 10 ఆంప్స్, రెండూ కలిపి 16 ఆంప్స్ మోస్తుంది. కవర్ మోడ్‌లో పెడితే రెండు రిలేలు ఒకేసారి ఆన్ కాకుండా అదే చూసుకుంటుంది, మోటారు తాగే కరెంటును కొలిచి షట్టర్ చివరికి చేరిందని గ్రహిస్తుంది. ట్యూబులర్ మోటారుకు రెండు విడి రిలేలు పెట్టి యాప్‌లోని ఆటోమేషన్‌ను నమ్ముకోవడం మాత్రం వద్దు. పైకి, కిందికి రెండు ఫేజులూ ఒక్కసారి కలిస్తే కెపాసిటరో వైండింగో కాలుతుంది.

వైర్ తగిలించే ముందు మల్టీమీటర్ పెట్టి చూడాలి. కామన్‌కూ ‘పైకి’ పాయింటుకూ మధ్య డీసీలో 5 నుంచి 24 వోల్టుల లోపు చూపిస్తే ధైర్యంగా ముందుకు పోవచ్చు. కొన్ని సైడ్ మోటారు బాక్సుల్లో గోడ బటన్ నేరుగా కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్‌కు వెళుతుంది, అక్కడ 230 వోల్టుల ఏసీ కనిపిస్తుంది. షెల్లీ కాంటాక్ట్ దాన్ని కూడా తట్టుకుంటుంది, దానికి 16 ఆంప్స్ సామర్థ్యం రాసి ఉంది. కానీ ఆ వైర్లను 12 వోల్టుల వైర్లతో ఒకే పైపులో లాగకూడదు. పైగా కాయిల్ ఆఫ్ అయ్యేటప్పుడు కొట్టే స్పైక్‌కు రిలే పాయింట్లు అతుక్కుపోతాయి, లేదా రిలే రీసెట్ అయి వైఫై తెగిపోతుంది. కాంటాక్టర్ కాయిల్‌కు అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 100 ఓం రెసిస్టర్ కలిసిన స్నబ్బర్ వేస్తే ఆ గొడవ ఉండదు. రెడీమేడ్‌గా దొరుకుతుంది, చవక. ‘అప్పుడప్పుడు రిలే ఆఫ్‌లైన్ అంటోంది, రూటర్ మార్చాలేమో’ అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం ఇదే. షట్టర్ కదిలిన ప్రతిసారీ ఆఫ్‌లైన్ అవుతుంటే రూటర్‌ను తిట్టుకోవద్దు.

షెల్లీకి కరెంటు ఎలా ఇవ్వాలన్నది పెట్టె మీద చూస్తే చిన్న విషయంగా కనిపిస్తుంది. 230 వోల్టుల ఏసీ ఇవ్వొచ్చు, 12 వోల్టుల డీసీ కూడా ఇవ్వొచ్చు. ఎలక్ట్రీషియన్లు అలవాటుగా ఫేజు, న్యూట్రల్ లాగేస్తారు. లైటు స్విచ్ అయితే సరే. ఇక్కడ మాత్రం చిక్కుంది. ఏసీతో నడిపినప్పుడు ‘ఎస్‌డబ్ల్యూ’ అనే ఇన్‌పుట్ పాయింటు ఫేజుతో ముడిపడి ఉంటుంది. సెన్సర్ వైరును దానికి కలిపితే, నేలకు జానెడెత్తున, షెడ్డు కడిగే నీళ్లు తగిలే చోట ఉన్న సెన్సర్ వైరులో 230 వోల్టులు పారుతుంటాయి. సెన్సర్ పనిచేస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అందుకే 12 వోల్టుల 1 ఆంప్ అడాప్టర్‌తోనే నడపండి. రిలే తాగేది వాటున్నర లోపే. ఇంకా మేలు, రూటర్‌కు పెట్టే 12 వోల్టుల మినీ యూపీఎస్‌లో రెండో అవుట్‌పుట్ ఉంటే అక్కడినుంచే వైరు లాగడం. అప్పుడు కరెంటు పోయినా రూటరూ రిలే రెండూ బతికే ఉంటాయి, షట్టర్ మోటారు కదలకపోయినా షట్టర్ తెరిచుందో మూసుందో మీకు కనిపిస్తూనే ఉంటుంది. ఏసీ తప్ప దారి లేదనుకుంటే షెల్లీ ప్లస్ యాడ్ఆన్ అనే చిన్న బోర్డు కొని దాని డిజిటల్ ఇన్‌పుట్‌కు సెన్సర్ కలపండి, అది మెయిన్స్ నుంచి వేరు చేసి ఉంటుంది.

యాప్‌లో మార్చాల్సిన సెట్టింగులు మూడే, మూడూ ముఖ్యమైనవే. ఆటో ఆఫ్ ఒక సెకను పెట్టాలి. రిలే ఆన్‌లోనే ఉండిపోతే బోర్డు దాన్ని ఎవరో బటన్ పట్టుకుని వదలట్లేదని అనుకుంటుంది, అంతసేపూ చేతి రిమోటు పనిచేయదు. కరెంటు వచ్చినప్పుడు రిలే ఆఫ్‌లోనే లేవాలని పెట్టాలి. ఇన్‌పుట్‌ను రిలే నుంచి విడదీసే డిటాచ్డ్ మోడ్‌లో పెట్టాలి. ఈ చివరిది మరిచిపోతే వేడుక చూడొచ్చు. షట్టర్ నిదానంగా దిగుతుంది, నేలను తాకుతుంది, సెన్సర్ కలుస్తుంది, ఆ కలవడాన్నే షెల్లీ బటన్ నొక్కుడుగా తీసుకుని రిలేను కొడుతుంది, షట్టర్ మళ్లీ పైకి లేస్తుంది. రిలే ఇన్‌పుట్‌ను అనుసరించేలా ఉండి, కరెంటు పోయి వచ్చిందంటే ఇంట్లో ఎవరూ లేకుండానే షట్టర్ తెరుచుకోవచ్చు. కోతలు మామూలైన ఊళ్లో దీన్ని సెట్టింగు అని తేలిగ్గా తీసుకోలేం. అన్నీ బిగించాక మెయిన్ ఆఫ్ చేసి, మళ్లీ వేసి కనీసం మూడుసార్లు చూడండి: షట్టర్ మూసి ఉండగా ఒకసారి, తెరిచి ఉండగా ఒకసారి, మధ్యలో ఆపి ఒకసారి.

రెండు రిలేలు కావాలా అని అడుగుతారు. పైకి ఒకటి, కిందికి ఒకటి కావాలంటే రెండు షెల్లీలో, రెండు చానళ్ల డ్రై కాంటాక్ట్ రిలేనో వేయాలి. నా మాట అడిగితే చాలా ఇళ్లకు ‘కిందికి’ ఒక్కటే చాలు. ఇంటికి వచ్చినప్పుడు తెరవడానికి చేతిలో రిమోటు ఉంటుంది, అది నొక్కిన వెంటనే పనిచేస్తుంది. ఫోను తీసి, లాక్ తెరిచి, యాప్ లోడయ్యేదాకా గేటు ముందు నిలబడటం ఎవరికీ నచ్చదు. ఫోను అవసరం పడేది షట్టర్ తెరిచి వచ్చేశామన్న అనుమానం వచ్చినప్పుడే. పైకి లేపే వైరే లేకపోతే, ఫోను పోయినా పాస్‌వర్డ్ పోయినా ఎవరూ మీ షెడ్డు తెరవలేరు.

సెన్సర్ల సంగతి తీరుబడిగా చెప్పుకోవాలి. ముందు కొనకూడనిది: వంపు సెన్సర్. పాశ్చాత్య గ్యారేజీ తలుపు పైకి వెళ్లి అడ్డంగా పడుకుంటుంది, కాబట్టి అక్కడ వంపును బట్టి తెరిచిందీ మూసిందీ తెలుస్తుంది. మన రోలింగ్ షట్టర్ కింది పట్టీ ఎంత పైకి లేచినా నిలువుగానే ఉంటుంది. వంపు సెన్సర్‌కు ఏమీ తెలియదు. ఇంకొంతమంది చిన్న బ్యాటరీ సెన్సర్‌ను షట్టర్ పట్టీల మీద అతికిస్తారు. మొదటిసారి లేపగానే అది చుట్టలోకి పోయి నలుగుతుంది. ఏది బిగించినా కింది పట్టీ మీదే, అదీ షట్టర్ పూర్తిగా లేచినప్పుడు పై లింటెల్‌కు తగలనంత పల్చగా ఉండాలి.

జిగ్బీ (తక్కువ కరెంటుతో నడిచే వైర్‌లెస్), బ్లూటూత్ తలుపు సెన్సర్లు గదుల తలుపులకు, కిటికీలకు చేసినవి. వాటి అయస్కాంతం దాదాపు 2 సెంటీమీటర్ల దూరం వరకు పనిచేస్తుంది. ఇనుప పట్టీ మీద నేరుగా అతికిస్తే ఇనుము ఆ అయస్కాంత శక్తిని లాగేసుకుని ఆ దూరం ఇంకా తగ్గిపోతుంది. షెల్లీ బ్లూ సెన్సర్ సీఆర్2032 బిళ్లతో నడుస్తుంది, ప్లస్ 1 రిలేనే దానికి గేట్‌వేగా ఉంటుంది కాబట్టి వేరే హబ్ కొనక్కర్లేదు. సౌకర్యంగా ఉంటుంది. కానీ షట్టర్ మీద పెట్టేందుకు మాత్రం సిఫారసు చేయను. షెడ్డు నుంచి ఇంట్లోకి ఉన్న లోపలి తలుపుకు పెట్టుకోండి, అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. షట్టర్‌కు కావాల్సింది దుకాణాల దొంగల అలారానికి వాడే బరువైన అల్యూమినియం రీడ్ సెన్సర్ (అయస్కాంతం దగ్గరికి వస్తే కలిసే స్విచ్), స్టీలు తొడుగు వైరుతో వచ్చేది. రెండు మూడు అంగుళాల దూరంలో కూడా అయస్కాంతాన్ని పట్టుకుంటుంది. బ్యాటరీ లేదు, జత చేయడం లేదు. సీసీ కెమెరాలు, అలారాలు అమ్మే దుకాణంలో ‘షట్టర్ సెన్సర్’ అంటే ఇస్తారు.

దూరం అంత ఎందుకంటే గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. ఆషాఢంలో గాలి మొదలైందంటే పశ్చిమం వైపు షట్టర్ రాత్రంతా గైడ్ చానల్‌లో కొట్టుకుంటూనే ఉంటుంది. మధ్యలో పట్టీ ఒక అంగుళం ముందుకూ వెనక్కూ ఊగుతుంది. చిన్న సెన్సర్ అయితే ప్రతి ఊపుకూ తెరిచింది, మూసింది అని ఫోను మోగిస్తుంది. నాలుగు రాత్రులు అలా మోగాక మనిషి నోటిఫికేషన్లే ఆపేస్తాడు, అక్కడితో ఆ సెన్సర్ ఉన్నా లేనట్టే. సెన్సర్‌ను షట్టర్ మధ్యలో కాకుండా గైడ్ చానల్‌కు దగ్గరగా, ఊపు తక్కువ ఉండే మూల పెట్టాలి. సందేశం పంపే ముందు రెండు సెకన్లు ఆగి చూసేలా ఆటోమేషన్‌లో పెట్టుకోవాలి. షట్టర్ దిగడానికే పది పదిహేను సెకన్లు పడుతుంది, రెండు సెకన్ల ఆలస్యం ఎవరికీ నష్టం కాదు.

బిగించే చోటు గురించి ఇంకో మాట. ఈ సెన్సర్ల డిజైను నేల మీద బిగించడానికి. షెడ్డు నేలకు తాడిపత్రి బండలో బేతంచెర్ల బండలో పరిచి ఉంటే అంచుకు దగ్గరగా హ్యామర్ మోడ్‌లో డ్రిల్ వేయొద్దు, బండ పొరలుగా లేచిపోతుంది. మామూలు తిప్పుడుతో, చిన్న బిట్‌తో మొదలుపెట్టి పెద్ద బిట్‌కు రావాలి. దానికన్నా మేలు, నేలను వదిలేసి గైడ్ చానల్ పక్క గోడకు జానెడెత్తున సెన్సర్ పెట్టి, కింది పట్టీ చివర చిన్న ఎల్ యాంగిల్ మీద అయస్కాంతం బిగించడం. కారు చక్రం ఎక్కదు, కడిగిన నీళ్లు నిలవవు. అయస్కాంతానికీ ఇనుప యాంగిల్‌కూ మధ్య అర సెంటీమీటరు మందం ప్లాస్టిక్ ముక్క పెడితే సెన్సర్ పట్టుకునే దూరం పెరుగుతుంది.

సెన్సర్‌ను ఏ రకంగా కలపాలి? షట్టర్ మూసి, అయస్కాంతం దగ్గరగా ఉన్నప్పుడు సర్క్యూట్ కలిసి ఉండే రకం తీసుకోండి. అలారం దుకాణాల్లో దీన్నే ఎన్‌సీ అంటారు, ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అదే రీడ్‌ను ఎన్‌ఓ అంటారు. పేరు పట్టించుకోకుండా మీటరు బీప్ మోడ్‌లో పెట్టి, అయస్కాంతం దగ్గరికి తెచ్చి చూడటం నయం. ఈ రకం అయితే ఎలుక వైరు కొరికినా, జాయింటు ఊడినా ఫోనులో ‘తెరిచి ఉంది’ అనే వస్తుంది. అబద్ధమే అయినా మిమ్మల్ని లేపి చూసేలా చేసే అబద్ధం. తిరగేసి పెడితే తెగిన వైరు ఎప్పటికీ ‘మూసి ఉంది’ అని చెబుతూ కూర్చుంటుంది. పూర్తిగా తెరిచిన చోట కూడా రెండో సెన్సర్ పెట్టొచ్చు, మధ్యలో ఇరుక్కున్న షట్టర్‌ను పట్టడానికి పనికొస్తుంది. ఒక్కదానికే డబ్బులుంటే మూసిన చోటే పెట్టండి.

షట్టర్ ఎక్కడ ఆగాలో మోటారుకు చెప్పే లిమిట్ స్విచ్ కాలక్రమంలో జరుగుతుంది, చెయిన్ సాగుతుంది. అప్పుడు షట్టర్ నేలకు ఒక అంగుళం పైనే ఆగి, సెన్సర్ ‘తెరిచి ఉంది’ అంటుంది. సెన్సర్ చెడిందని దాన్ని మార్చేస్తారు, అసలు చూడాల్సింది లిమిట్ బాక్సును.

ఇక ఎండ. షెల్లీ ప్లస్ 1 చుట్టుపక్కల వేడి 40 డిగ్రీల వరకే అని తయారీ పత్రంలోనే ఉంది. మే నెలలో అనంతపురంలో నీడలోనే 40 దాటే రోజులుంటాయి. షట్టర్ చుట్టుకునే పై రేకు డబ్బాలో, మోటారు పక్కన ఉండే వేడి చెప్పక్కర్లేదు. వైరు తక్కువ పడుతుందని మిస్త్రీలు రిలేను ఆ డబ్బాలోనే దోపుతారు. వద్దనండి. మోటారు కంట్రోల్ పాయింట్ల నుంచి రెండు కోర్ల వైరు లాగి, రిలేను ఇంటి లోపలి గోడ మీద స్విచ్ బాక్సులో పెట్టించండి. పదిహేను మీటర్లు లాగినా డ్రై కాంటాక్ట్‌కు నష్టం లేదు. కంట్రోల్ బాక్సు బయటే ఉంటే వైర్లు దూరే రంధ్రాలకు గ్లాండ్లు (వైరు చుట్టూ సందు లేకుండా బిగుసుకునే మూతలు) వేయించండి. గేటు మోటారు బోర్డుల్లో చీమలు గూళ్లు పెడతాయి, బల్లి రిలే పాయింట్ల మధ్య దూరి తానూ పోతుంది, బోర్డునూ తీసుకుపోతుంది. బోర్డు పోయిందని తెరిచి చూస్తే లోపల ఎర్రమట్టి, ఎండిన బల్లి, నల్లబడ్డ ట్రాక్.

వైఫై గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ప్లస్ 1 పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ మీదే, 5 మీద కాదు. రిలే ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఇనుప షట్టర్ అడ్డం రాదు. బయట గేటు ముందు నిలబడినప్పుడు మాత్రం ఫోను ఇంటి వైఫై తోకను పట్టుకుని వదలదు, యాప్ తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు ఫోనులో వైఫై ఆపి మొబైల్ డేటాతో నొక్కండి.

సొంతంగా చేసుకునే కుర్రాళ్లు, జేఎన్‌టీయూ విద్యార్థులు ముఖ్యంగా, ‘ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై కంట్రోలర్ బోర్డు, రెండు చానళ్ల రిలే మాడ్యూల్ కలిపితే ఇందులో నాలుగో వంతుకు అవుతుంది’ అంటారు. నిజమే, దాన్ని నడిపే ఈఎస్‌పీహోమ్ సాఫ్ట్‌వేర్ వేసి, ఇంటి పరికరాలన్నిటినీ ఒకచోట నడిపే హోమ్ అసిస్టెంట్‌కు కలిపితే షెల్లీ చేయలేనివి కూడా చేస్తుంది. సామాన్లు అనంతపురంలో దొరకకపోతే బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయొచ్చేవాళ్లతో తెప్పించుకోవచ్చు. జాగ్రత్తలు మాత్రం వాళ్లే పడాలి. ఈఎస్‌పీ32లో 34 నుంచి 39 వరకు పిన్నులకు లోపల పుల్అప్ (పిన్నును వోల్టేజీకి పట్టి ఉంచే రెసిస్టర్) ఉండదు. రీడ్ సెన్సర్‌ను అక్కడ కలిపి బయట రెసిస్టర్ వేయకపోతే గాల్లో తేలే పిన్ను ఏదో ఒకటి చదువుతుంది. మిగతా పిన్నుల్లో పుల్అప్ ఉన్నా బలహీనం, పొడవైన వైరుకు 3.3 వోల్టులకు 4.7 కిలోఓం రెసిస్టర్ బయటే వేయాలి. పాత ఈఎస్‌పీ8266 బోర్డు అయితే రిలేలకు డీ1, డీ2 పిన్నులే వాడండి. డీ3, డీ4, డీ8 బోర్డు లేచేటప్పుడు ఆడతాయి, కరెంటు వచ్చిన ప్రతిసారీ షట్టర్‌కు ఒక తట్టు తగులుతుంది. సెన్సర్ వైరు మోటారు వైరుతో ఒకే పైపులో పోనీయొద్దు. పిడుగులు పడే కాలంలో ఆ పొడవు వైరే యాంటెన్నా అవుతుంది కాబట్టి ఇన్‌పుట్‌కు ఆప్టోకప్లర్ (కాంతితో సిగ్నల్ దాటించి వైరును బోర్డు నుంచి వేరుగా ఉంచే భాగం) పెట్టాలి. ఇవన్నీ చేశాక షెల్లీతో ధర తేడా అంత మిగలదు. నేర్చుకోవాలని ఉంటే చేయండి, ఇంట్లో పెద్దవాళ్లు వాడాలంటే రెడీమేడ్‌ది కొనండి.

ఫోను నుంచి మూసే ఏర్పాటు చేస్తున్నారంటే కింద ఎవరున్నారో మీకు కనబడదు. అందుకని ఫోటో సెన్సర్ (షట్టర్ కింద అడ్డంగా పోయే కిరణం తెగితే మోటారును ఆపేది) తప్పనిసరి, అది లేకుండా ‘కిందికి’ వైరు కలపొద్దు. అమెరికాలో 1993 నుంచి ఇళ్ల గ్యారేజీ మోటార్లకు ఇది నిబంధన, నేలకు 6 అంగుళాలకు మించని ఎత్తులో పెట్టాలి. మన దగ్గర అడిగితేనే పెడతారు. దీని వైరు వైఫై మీదుగా కాక నేరుగా మోటారు బోర్డు ఫోటో పాయింటుకు, ఆ పాయింటు లేకపోతే స్టాప్ పాయింటుకు పోవాలి. రూటర్ పనిచేయకపోయినా షట్టర్ ఆగాలి. సాయంత్రం ఎండ తిన్నగా రిసీవర్ కంట్లో పడితే కిరణం తెగినట్టే అనుకుని షట్టర్ దిగనని మొరాయిస్తుంది. పడమటి ఎండ పడని పక్క రిసీవర్ ఉంచి, ఎండ పడే పక్క ట్రాన్స్‌మిటర్ పెట్టండి. గాలికాలంలో వారానికోసారి అద్దం తుడవాలి. రాత్రి పదకొండుకు దానంతటదే మూసుకునే ఆటోమేషన్ చాలామంది అడుగుతారు. దానికి బదులు ‘తెరిచి ఉంది’ అన్న సందేశం పెట్టుకుని, చూసుకుని మీరే మూయండి.

ఇన్వర్టర్ మీద మోటారు నడపొచ్చా అంటే, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఏసీ మోటారు రొద పెడుతుంది, వేడెక్కుతుంది. వద్దు. సైడ్ మోటారుకు చేతి చెయిన్ ఉంటుంది, అది అందే ఎత్తులో వేలాడుతోందో లేదో చూసుకుంటే చాలు. ట్యూబులర్ మోటారు వరసగా నాలుగైదు నిమిషాలు నడిస్తే లోపలి థర్మల్ కట్ అయి ఆగిపోతుంది. అందరికీ చూపించడానికి పది సార్లు లేపి దించితే ఆగిపోయేది అందుకే, మోటారు పోలేదు, చల్లారితే మళ్లీ తిరుగుతుంది.

భద్రత మాటకొస్తే, అందరూ వైఫైని అనుమానిస్తారు గానీ మోటారుతో వచ్చే చవక రిమోటే బలహీనం. ఈవీ1527 చిప్ రిమోటు ప్రతిసారీ అదే కోడ్ పంపుతుంది. కాపీ రిమోటు దగ్గర పెట్టి ఒక్కసారి నొక్కితే నకలు తయారు. కొనేటప్పుడే ప్రతి నొక్కుకూ కోడ్ మార్చే రోలింగ్ కోడ్ రిమోటు కావాలని అడగండి. వైఫై వైపు చేయాల్సింది రూటర్‌లో ఏ పోర్టూ బయటికి తెరవకుండా ఉండటం, షెల్లీ వెబ్ పేజీకి పాస్‌వర్డ్ పెట్టడం. కంపెనీ సర్వర్ లేకపోయినా ఇంటి నెట్‌వర్క్‌లో పనిచేయగలగడం షెల్లీకి ఉన్న పెద్ద బలం. అమెరికాలో ఛాంబర్లేన్ సంస్థ 2023లో తన మైక్యూ గ్యారేజీ సేవలోకి బయటి యాప్‌లు రాకుండా ఆపేసింది. హోమ్ అసిస్టెంట్ అదే ఏడాది డిసెంబరు వెర్షన్‌లో మైక్యూను తీసేయాల్సివచ్చింది. తలుపు మనదే, మోటారు మనదే, మీట మాత్రం వేరేవాళ్ల చేతిలో. సర్వర్ మీదే బతికే కంట్రోలర్ ఎంత చవకైనా ఆలోచించి కొనండి.

పని చేయించేటప్పుడు షట్టర్ మిస్త్రీనీ ఎలక్ట్రీషియన్‌నూ ఒకే రోజు పిలవండి. లిమిట్ సరిచేయకుండా సెన్సర్ బిగిస్తే రెండోసారి విప్పాలి. మోటారు వారంటీలో ఉంటే రిలే కలిపే ముందు అమ్మినవాళ్లను అడిగి, పాయింట్లకు బయటి డ్రై కాంటాక్ట్ కలిపినా వారంటీ చెల్లుతుందని వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. వైర్ల రంగులు, ఏ పాయింటుకు ఏది కలిపారో, అడాప్టర్ ఎక్కడ ఉందో ఒక కాగితం మీద రాయించి కంట్రోల్ బాక్సు మూత లోపల అంటించమనండి. తర్వాత వచ్చే మిస్త్రీ అది చూడకపోతే మొదట పీకేది సెన్సర్ వైరే.